స్మార్ట్ డస్ట్‌బిన్ ఫైల్లో లేని పేజీ

సైన్స్ ఫెయిర్ల సీజన్ వచ్చిందంటే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో రెండు ఫైళ్లు తిరుగుతాయి. ఒకటి ప్రాజెక్టు రిపోర్టు. పేరు చివర ‘ఫైనల్’ అని రెండుసార్లు ఉంటుంది, అట్ట మీద వేరే స్కూలు పేరు చెరిపేసిన ఆనవాలు కనిపిస్తూ ఉంటుంది, లోపల సర్టిఫికెట్ నుంచి కన్‌క్లూజన్ దాకా అన్ని హంగులూ ఉంటాయి. రెండోది ‘వెయ్యి కంప్యూటర్ బిట్లు’, ఆన్సర్లతో సహా. మొదటిది ఫెయిర్‌కి, రెండోది క్విజ్‌కి. పంపినవాళ్లు మంచి మనసుతోనే పంపుతారు, అందులో సందేహం లేదు. పైసా ఖర్చు లేకుండా ఇంత సమాచారం చేతికొస్తుంటే ఇంకేం కావాలి అని అడిగేవాళ్లూ ఉన్నారు.

ఇంకొక పేజీ కావాలి. ఏది పని చెయ్యలేదు, ఎందుకు చెయ్యలేదు, ఏం మారిస్తే చేసింది అని రాసిన పేజీ. అది ఈ రెండు ఫైళ్లలో దేంట్లోనూ ఉండదు. అది లేని ప్రాజెక్టు ఫైలు పంచుకున్నా ఒకటే, పంచుకోకపోయినా ఒకటే అన్నది నా అభిప్రాయం. అంతే కాదు, టెక్నాలజీ క్విజ్‌కి తయారయ్యే పిల్లలకి కూడా ఆ వెయ్యి బిట్ల కన్నా ఆ పేజీయే ఎక్కువ పనికొస్తుంది. ప్రాజెక్టు ఒక పని, క్విజ్ వేరే పని అని రెండు ఖాతాలుగా రాసుకోవడం వల్లే రెండు చోట్లా నష్టపోతున్నాం.

ఇంట్లో పనిచేసింది కదా

మాట గాల్లో ఉండకూడదు కాబట్టి ఒక్క ప్రాజెక్టే తీసుకుందాం. హైదరాబాద్‌లో ఏ స్కూలు ఫెయిర్‌కి వెళ్లినా స్మార్ట్ డస్ట్‌బిన్ ఒకటైనా కనబడుతుంది. చెయ్యి దగ్గర పెడితే మూత దానంతటదే లేస్తుంది. సామాను కూడా తక్కువే: ఆర్డ్వినో ఊనో బోర్డు (మనం రాసిన కోడ్‌ని నడిపే చిన్న బోర్డు), హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ (ధ్వని పంపి దూరం కొలిచేది), ఎస్‌జీ90 సర్వో మోటార్ (చెప్పినన్ని డిగ్రీలు తిరిగి మూత లేపేది), జంపర్ వైర్లు, బ్యాటరీ, ఒక ప్లాస్టిక్ డబ్బా.

కోఠి గుజరాతీ గల్లీలో ఏదో ఒక కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఇలాంటి బేరం చెవిన పడుతుంది.

“అన్నా, డస్ట్‌బిన్ ప్రాజెక్టు సామాను కావాలె.”

“ఎన్నో క్లాసు తమ్మీ?”

“ఎనిమిది.”

“విడిగ ఇయ్యాల్నా, సెట్టు ఇయ్యాల్నా? సెట్టైతే కోడ్ గూడ ఎక్కిచ్చి ఇస్తం.”

పిల్లాడు నోరు తెరిచేలోపే వెనక నుంచి తండ్రి, “ఎక్కిచ్చే ఇయ్యండి భాయ్, ఎల్లుండే ఉంది ఫెయిర్.”

దుకాణంవాళ్లను తప్పుపట్టడానికి లేదు. అడిగింది ఇచ్చారు. ఆ సెట్టు ఇంట్లో పనిచేస్తుంది కూడా. ఫెయిర్ రోజు స్టాల్ మీద పెట్టాక మూత సగం లేచి టక్కున పడిపోతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. జడ్జి వచ్చేసరికి అది చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ ఉంటుంది. “ఇంట్లో పనిచేసింది సార్” అంటాడు పిల్లాడు. అబద్ధం కాదు. ఇంట్లో లాప్‌టాప్ యూఎస్‌బీకి తగిలించాడు, స్టాల్ దగ్గర 9 వోల్టుల చిన్న చదరపు బ్యాటరీ పెట్టాడు. తేడా అంతా అక్కడే ఉంది.

ఆ బ్యాటరీ రేడియోలకీ మల్టీమీటర్లకీ చేసినది. సన్నగా, నిలకడగా కరెంటు ఇవ్వమంటే ఇస్తుంది. సర్వో అలా అడగదు. కదలడం మొదలుపెట్టిన క్షణంలో కొన్ని వందల మిల్లీ ఆంపియర్లు ఒక్కసారిగా లాగుతుంది. బ్యాటరీ లోపలి నిరోధం ఎక్కువ కావడంతో ఆ క్షణంలో వోల్టేజి కుంగిపోతుంది. ఊనో బోర్డు పవర్ జాక్‌కి 7 నుంచి 12 వోల్టుల దాకా ఇవ్వమని చెబుతారు. అంతకన్నా దిగితే లోపలి రెగ్యులేటర్ 5 వోల్టులను నిలబెట్టలేదు. బోర్డు రీసెట్ అవుతుంది, ప్రోగ్రామ్ మళ్లీ మొదటి లైను నుంచి నడుస్తుంది, సర్వో సున్నా డిగ్రీలకి వస్తుంది, సెన్సర్ మళ్లీ చేతిని చూస్తుంది, సర్వో మళ్లీ కదలబోతుంది. వణుకు అదే.

రీసెట్టే అని తేల్చుకోవడం కష్టం కాదు. కోడ్‌లో బోర్డు ఆన్ కాగానే ఒక్కసారి నడిచే సెటప్ భాగంలో ‘మొదలైంది’ అని సీరియల్ మానిటర్‌కి (బోర్డు పంపే మాటలు కంప్యూటర్ తెర మీద కనిపించే చోటు) ఒక లైను రాయించాలి. అయితే ఊనోకి జాక్‌లోనూ పవర్ ఉంటే బోర్డు దాన్నే వాడుకుంటుంది కాబట్టి, బ్యాటరీ జాక్‌లో ఉంచి యూఎస్‌బీ కూడా తగిలించి చూడాలి. మూత కదిలినప్పుడల్లా ఆ లైను మళ్లీ పడుతుంటే దోషం కోడ్‌ది కాదు, పవర్‌ది. బ్యాటరీ మరీ నీరసపడితే బోర్డు యూఎస్‌బీకే మారిపోయి వణుకు ఆగిపోవచ్చు. ఆగిందంటే అదీ ఒక జవాబే.

మందు కూడా చవకే. నాలుగు ఏఏ రీచార్జబుల్ సెల్స్ పెట్టిన హోల్డర్ 4.8 వోల్టులు ఇస్తుంది, సర్వోకి అది చాలు. బోర్డుకి వేరే పవర్, సర్వోకి ఈ హోల్డర్, రెండింటి గ్రౌండ్ (మైనస్ తీగ) మాత్రం కలపాలి. గ్రౌండ్ కలపడం మరిచిపోతే సర్వోకి సిగ్నల్ అర్థం కాక ఎటుపడితే అటు తిరుగుతుంది. సర్వో పవర్ మీద, కాస్త కరెంటు నిల్వ ఉంచుకునే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, ప్లస్ మైనస్ సరిగ్గా చూసి పెడితే ఇంకా కుదురుగా ఉంటుంది. పవర్ బ్యాంక్ పెట్టేద్దాం అనుకునేవాళ్లకి ఇంకో చిక్కు. చాలా పవర్ బ్యాంకులు లాగే కరెంటు మరీ తక్కువగా ఉంటే, ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని కాసేపటికి ఆగిపోతాయి. బోర్డు, సెన్సర్ కలిసినా వంద మిల్లీ ఆంపియర్లు దాటవు. జడ్జి పక్క స్టాల్ దగ్గర ఉండగానే మన డబ్బా నిద్రపోతుంది.

పవర్ సంగతి తేలాక సెన్సర్ వంతు. మూత మీదే సెన్సర్ అంటిస్తే, మూత లేచినప్పుడు సెన్సర్ కూడా పైకి తిరిగి గోడనో ఫ్యానునో చూస్తుంది. ‘చెయ్యి లేదు’ అనుకుని మూత దించుతుంది, దిగగానే చెయ్యి కనిపించి మళ్లీ లేపుతుంది. కాబట్టి సెన్సర్ డబ్బా ఒంటికే ఉండాలి. ఇక తెరవడానికీ మూయడానికీ 20 సెంటీమీటర్లని ఒకే హద్దు పెడితే, చెయ్యి సరిగ్గా ఆ గీత మీద ఉన్నప్పుడు మూత ఊగిసలాడుతుంది. 20 కన్నా దగ్గరైతే తెరువు, 30 దాటి మూడు సెకన్లు గడిస్తే మూయి అని రెండు హద్దులు రాయాలి. ఇంకా చిత్రమైనది ఒకటుంది: సెన్సర్ జవాబుని బోర్డుకి తెచ్చే ఎకో వైరు ఊడిపోతే, ఆ జవాబు టైము కొలిచే పల్స్‌ఇన్ ఫంక్షన్ సున్నా ఇస్తుంది. సున్నా 20 కన్నా తక్కువే కదా! ఎవరూ లేకుండా మూత తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. సున్నా వస్తే ఆ రీడింగ్ వదిలెయ్యమని ఒక్క లైను రాస్తే చాలు.

గ్రూపుల్లో తిరిగే రిపోర్టులో ఇందులో ఒక్కటి ఉంటే చూపించండి. ‘ఈ ప్రాజెక్టు స్వచ్ఛ భారత్‌కి తోడ్పడుతుంది’ అని మాత్రం తప్పకుండా ఉంటుంది.

ఆ పేజీలో ఏముండాలి

పేజీ అంటున్నాను గానీ అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఎనిమిదో తరగతి పిల్ల సగం సాయంత్రంలో రాయగలదు.

మొదట సామాను, దాని మీద రాసి ఉన్న పేరుతో సహా. ‘ఒక మోటార్’ అని రాస్తే తరువాతివాళ్లు కౌంటర్ దగ్గర తెల్లమొహం వేస్తారు. ‘ఎస్‌జీ90 సర్వో’, ‘పసుపు రంగు బీఓ మోటార్, రెండు’ అని రాయాలి. బోర్డు ఒరిజినలా, క్లోనా (వేరేవాళ్లు చేసిన నకలా) అన్నదీ చెప్పాలి. చవక క్లోన్లలో యూఎస్‌బీ కోసం సీహెచ్340 చిప్ ఉంటుంది, కొన్ని కంప్యూటర్లలో దాని డ్రైవర్ విడిగా వేస్తే గానీ పోర్ట్ కనిపించదు. డ్రైవర్ వేసినా పోర్ట్ రాలేదంటే చాలాసార్లు కేబులే కారణం. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్లో డేటా తీగలే ఉండవు. ఈ ఒక్క వాక్యం రాసిపెట్టని పాపానికి ఎన్ని ఇళ్లల్లో ఎన్ని శనివారం రాత్రులు వృథా అయ్యాయో.

తరువాత కనెక్షన్లు. ఫొటో పెడితే అందంగా ఉంటుంది గానీ, నలభై వైర్ల గుట్టలో ఏది ఎక్కడికి వెళ్లిందో బ్రహ్మకు కూడా తెలియదు. ‘సెన్సర్ ట్రిగ్ 7వ పిన్‌కి, ఎకో 8కి, సర్వో సిగ్నల్ 9కి’ అని రాసేస్తే గొడవ లేదు. ఫొటో కూడా పంపాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాలి, మామూలు ఫొటోగా పంపితే కుదించేసి పిన్ నంబర్లను అలికేస్తుంది. ఇక్కడే రాయాల్సినది ఇంకొకటుంది: ఊనోలో సర్వో లైబ్రరీ (సర్వోని నడిపే రెడీమేడ్ కోడ్) వాడగానే 9, 10 పిన్ల మీద పీడబ్ల్యూఎమ్ (వెలుగుని మెల్లగా పెంచే, తగ్గించే సదుపాయం) పోతుంది. డబ్బాకి మెల్లగా వెలిగే ఎల్‌ఈడీ ఒకటి తగిలిద్దామని ఉత్సాహపడి 10వ పిన్‌కి పెట్టినవాళ్లు, ఎల్‌ఈడీ పాడైందని కొత్తది కొనుక్కొస్తారు. తీగలు గుచ్చి కలిపే బ్రెడ్‌బోర్డులు పెద్దవి కొన్నింటిలో పక్కనుండే పవర్ గీత మధ్యలో తెగి ఉంటుందన్నది కూడా ఈ కోవలోదే.

కోడ్ విషయంలో జరిగే ఘోరం వేరే. స్క్రీన్‌షాట్‌గా పంపుతారు, లేదంటే వర్డ్ ఫైల్లో అతికిస్తారు. వర్డ్ కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చేస్తుంది. దాన్ని కాపీ చేసి ఆర్డ్వినో సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ‘స్ట్రే \342’ అని ఎర్రటి లైన్లు పదుల కొద్దీ వస్తాయి. పిల్లలు కోడ్ తప్పనుకుంటారు. కోడ్ శుభ్రంగానే ఉంటుంది, గుర్తులే మారాయి. మామూలు టెక్స్ట్ ఫైల్‌గా పంపాలి, వాడిన లైబ్రరీ పేరూ వెర్షనూ పైన రెండు లైన్లలో రాయాలి.

తెలుగులో రాసేవాళ్లకి అదనంగా ఒక మాట. డీటీపీ సెంటర్లో పాత ఫాంట్లతో టైప్ చేయించిన తెలుగు కాగితం మీద బాగుంటుంది గానీ, ఆ పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి, వెతికితే దొరకదు. ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లో రాయాలి. ఫోన్ కీబోర్డుతో రాసినదంతా యూనికోడే కాబట్టి, నిజానికి ఫోన్లో కొట్టిన ముతక నోటే మెరుగు.

చివరగా అసలైన భాగం: ఏం చెడింది. ‘మూత వణికింది. ముందు కోడ్ అనుకున్నాం. సీరియల్ మానిటర్లో మొదలైంది అని పదే పదే పడింది. 9 వోల్టుల బ్యాటరీ తీసి నాలుగు సెల్స్ పెట్టాం, గ్రౌండ్ కలిపాం. ఆగింది.’ ఇంతే. ఇలాంటివి ఒక అయిదుంటే ఆ ఫైలు బంగారం. పైన ఒక లైసెన్స్ లైను కూడా రాసేయడం మంచిది. ఏమీ రాయకపోతే చట్టప్రకారం హక్కులన్నీ రాసినవాళ్లవే. క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ అని రాస్తే, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినది కూడా అలాగే పంచాలి. తెలుగు వికీపీడియా నడిచేది కూడా ఆ లైసెన్స్ మీదే.

ఫైలు ఒక్కటే పంచితే సరిపోతుందా అంటే, సామాను కూడా పంచాలి. పదో తరగతి పిల్లల ఆర్డ్వినో బోర్డులు మార్చి నెల దాటాక అటక ఎక్కుతాయి. వచ్చే ఏడు ఎనిమిదో తరగతివాళ్లు అవే కొత్తగా కొంటారు. స్కూల్లో ఒక పెట్టె పెట్టి, బ్యాటరీలు తీసేసి (కారిపోయిన సెల్ హోల్డర్‌ని తినేస్తుంది), ఒక్కో సర్వోనీ సెన్సర్నీ పరీక్షించి, పనిచేసేవి ఒక కవర్లో, చెడినవి ఇంకో కవర్లో వేస్తే చాలు. మరి ఎందుకు జరగదు? కేంద్ర ప్రభుత్వ పథకం కింద అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న స్కూళ్లకి ఒక్కోదానికి 20 లక్షల రూపాయల దాకా సాయం ఉంటుంది, అయినా కొన్ని చోట్ల సామాను అల్మారాలో తాళం వేసి ఉంటుంది. కారణం బద్ధకం కాదు, స్టాక్ రిజిస్టర్. ఒక సెన్సర్ కాలిపోతే ఎవరు జవాబుదారీ అన్న భయం. ఎల్‌ఈడీలు, జంపర్ వైర్లు, చిన్న సెన్సర్లను వాడితే అరిగిపోయే సరుకు కింద రాసి, బోర్డులను మాత్రమే నిలిచే ఆస్తిగా రాస్తే టీచర్ భయం సగం తీరుతుంది. ఇది హెడ్‌మాస్టర్ గారు చెయ్యాల్సిన పని, పిల్లలది కాదు.

కాపీ కొడతారు కదా

టీచర్ల మొదటి అభ్యంతరం ఇదే, తేలిగ్గా తీసిపారేయదగ్గదీ కాదు. ఇంత వివరంగా ఇచ్చేస్తే ఇంకెవరైనా సొంతంగా చేస్తారా?

ఇప్పుడు మాత్రం చేస్తున్నారా అన్నది నా ఎదురు ప్రశ్న. నున్నగా ఉన్న రిపోర్టే కాపీకి అనువైనది. అట్ట మార్చితే మనదైపోతుంది. అమీర్‌పేటలో ఇంజినీరింగ్ పిల్లలకి ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరుకుతాయని ఊరంతా తెలుసు, ఆ అలవాటుకి ఓనమాలు ఎనిమిదో తరగతి ఫైనల్ ఫైనల్ పీడీఎఫ్‌లోనే పడతాయి. ఏం చెడిందో రాసిన పేజీని మాత్రం చదివి అర్థం చేసుకోకుండా ఒప్పజెప్పడం కష్టం.

కష్టమే గానీ అసాధ్యం కాదు. రేపు ఇదే ఫ్యాషనైతే, జరగని వైఫల్యాలను కల్పించి రాసేవాళ్లు కూడా తయారవుతారు. ఏఐని అడిగితే నిమిషంలో పది వైఫల్యాలు రాసిస్తుంది, అచ్చం నిజంలాగే ఉంటాయి. దీనికి కాగితం మీద మందు లేదు, స్టాల్ దగ్గరే ఉంది. జడ్జి ఒక అంకె మార్చమని అడగాలి, లేదంటే ఆ అంకె ఎక్కడిదని అడగాలి.

ఒక ఫెయిర్‌లో ఒక జడ్జిగారు ఇద్దరు పిల్లలను ఒకే ప్రశ్న అడిగారు: “దూరం కోసం కోడ్‌లో ధ్వని టైముని 58తో భాగించారు కదా, 58 ఎక్కడిదమ్మా?” మొదటి అబ్బాయి, “సెన్సర్ వివరాల కాగితం, డేటాషీట్‌లో ఉంది సార్.” అదీ తప్పు జవాబేం కాదు. రెండో అమ్మాయి చార్ట్ వెనక్కి తిప్పి పెన్సిల్‌తో వేసింది. ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు, అంటే మైక్రోసెకనుకి 0.0343 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు దూరానికి ధ్వని పోయి రావాలి, రెండు సెంటీమీటర్లు. రెండుని 0.0343తో భాగిస్తే 58 చిల్లర. “ఎండాకాలంలో మారుతుంది సార్” అని తనే అంది. మారుతుంది మరి. 343 అన్నది 20 డిగ్రీల దగ్గరి లెక్క. మన మే నెల 40 డిగ్రీల దగ్గర వేగం దాదాపు 355. మీటరు దూరాన్ని ఆ సెన్సర్ సుమారు మూడున్నర సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. చెత్తడబ్బాకి పట్టింపు లేదు గానీ, నీళ్ల ట్యాంకు మట్టం కొలిచే ప్రాజెక్టుకి ఉంటుంది.

ఇంకో అభ్యంతరం పోటీల గురించి. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్-మానక్ పోటీలో ఎంపికైన విద్యార్థికి 10,000 రూపాయలిస్తారు, వాళ్లు అడిగేది సొంత ఆలోచన. అన్నీ పంచేసుకుంటే సొంతం ఎక్కడ మిగులుతుంది? ఇక్కడ గీత గీసుకోవాలి. ఆలోచన దాచుకుంటే దాచుకోండి, తప్పు లేదు. సర్వోకి వేరే పవర్ ఇవ్వాలన్నది ఎవరి ఆలోచనా కాదు, అది పనితనం. దాన్ని దాచుకుంటే ప్రతి బ్యాచ్చీ అదే బ్యాటరీ దగ్గర ఆగిపోతుంది, సొంత ఆలోచన దాకా వెళ్లే టైమే ఉండదు.

వెయ్యి బిట్లు

ఇక రెండో ఫైలు. బిట్ బ్యాంకుల మీద నాకు ద్వేషం లేదు. పోటీ పరీక్షలన్నీ బిట్ల మీద నడిచే రాష్ట్రంలో ఉండి ద్వేషిస్తే కుదరదు కూడా. కానీ టెక్నాలజీ క్విజ్‌కి వాటితో రెండు చిక్కులున్నాయి.

ఒకటి, సగం పాతబడతాయి, కొన్ని మొదటి నుంచీ తప్పే. ‘భారతదేశపు మొదటి కంప్యూటర్ ఏది?’ అన్న బిట్ చూడండి. కింద ఒకే జవాబు ఉంటుంది, ఫైలుకొక రకంగా. నిజానికి అది ఒక ప్రశ్న కాదు. దేశంలోకి వచ్చిన మొదటి డిజిటల్ కంప్యూటర్ అంటే 1955లో కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి బ్రిటన్ నుంచి తెచ్చిన హెచ్‌ఈసీ-2ఎమ్. ఇక్కడే రూపొందించినది అంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ వాళ్ల టిఫ్రాక్, 1960. సూపర్ కంప్యూటర్ అంటే 1991 నాటి పరమ్ 8000. మన ఊళ్లో తయారైనది అంటే 1969లో ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ తెచ్చిన టీడీసీ-12. టీడీసీలో ‘టీ’ అంటే ముంబైలోని ట్రాంబే, డిజైన్ అక్కడిది. ఈసీఐఎల్ చౌరస్తాలో రోజూ బస్సు మారే పిల్లల్లో ఈ చివరిది తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. 1967లో పెట్టిన ఆ సంస్థే ఓటింగ్ యంత్రాలు కూడా చేస్తుందని చెబితే ఆశ్చర్యపోతారు.

రెండో చిక్కు పెద్దది. క్విజ్ మాస్టర్లు ఎక్కువగా బిట్లు అడగరు. 1999లో మొదలై 8 నుంచి 12వ తరగతి పిల్లలకి నడిచిన టీసీఎస్ ఐటీ విజ్ తరహా పోటీల్లో, 1972 నుంచి ఈ ఊళ్లో ఉన్న కె-సర్కిల్ లాంటి క్విజ్ క్లబ్బుల సంప్రదాయంలో మంచి ప్రశ్న అంటే జవాబు తెలియనివాడు కూడా ఆలోచించి చేరగలిగేది. బిట్ ఇలా ఉంటుంది: ‘క్యూఆర్ కోడ్ ఏ కంపెనీది? డెన్సో వేవ్.’ తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. అదే విషయం స్టేజీ మీద ఇలా వస్తుంది: ‘కారు విడిభాగాల లెక్క కోసం 1994లో జపాన్‌లో దీన్ని చేశారు. నలుపు తెలుపు రాళ్లతో ఆడే గో ఆట నుంచి ఆలోచన వచ్చింది. మూడు మూలల్లో చతురస్రాలుంటాయి కాబట్టి ఎటు తిప్పి పట్టుకున్నా ఫర్వాలేదు. మీ పాఠ్యపుస్తకంలో కూడా ఉంది. ఏమిటిది?’ డెన్సో పేరు విననివాళ్లు కూడా మూడు చతురస్రాల దగ్గర పట్టుకోవచ్చు. ఇక మురికైన కోడ్ కూడా ఎందుకు స్కాన్ అవుతుందని ఎప్పుడైనా ఆలోచించిన పిల్లలైతే (తప్పులు సరిదిద్దే సమాచారం లోపలే ఉంటుంది, పై స్థాయిలో దాదాపు 30 శాతం చెడినా చదవగలదు) చివరి వాక్యం దాకా ఆగరు.

అలా పట్టుకునే అలవాటు ఎక్కడ వస్తుంది? వణికే మూత దగ్గర వస్తుంది. కోడా, పవరా, సెన్సరా అని ఒక్కోటీ కొట్టేస్తూ పోవడమూ, స్టేజీ మీద ‘1994, జపాన్, చతురస్రాలు’ అని ఒక్కోటీ కొట్టేస్తూ పోవడమూ ఒకే కసరత్తు. పైగా ముడిసరుకు బల్ల మీదే ఉంది. ఆర్డ్వినో పేరు ఎక్కడిది? ఇటలీలోని ఇవ్రియా ఊళ్లో ఆ బోర్డు చేసినవాళ్లు కూర్చునే బార్ పేరు, ఆ బార్‌కి వెయ్యేళ్ల కిందటి రాజు పేరు. 2005 నాటి కథ. బ్లూటూత్ మాడ్యూల్ వాడారా? అదీ రాజు పేరే, డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్. ఆ లోగో అతని పేరులోని రెండు పొడి అక్షరాల పాత లిపి. హెచ్‌సీ-05 అనే బ్లూటూత్ మాడ్యూల్‌ని 0, 1 పిన్లకి తగిలించి ఉంచితే కోడ్ అప్‌లోడ్ ఎందుకు కాదు? యూఎస్‌బీ కూడా ఆ రెండు తీగల మీదే మాట్లాడుతుంది కాబట్టి. ఒక టెరాబైట్ డిస్క్ కొంటే విండోస్ 931 జీబీ అని ఎందుకు చూపిస్తుంది? కొట్టువాడు మోసం చేయలేదు. కంపెనీ వెయ్యితో లెక్కేసింది, విండోస్ 1024తో లెక్కేస్తుంది. 486 తరువాత 586 అని రావాల్సిన ప్రాసెసర్ పెంటియం ఎందుకైంది? అంకెల మీద ట్రేడ్‌మార్క్ దక్కదు కాబట్టి.

కాబట్టి తయారీ ఇలా సాగితే మేలు. టీములో ఇద్దరూ ఒకే పుస్తకం చదవకుండా, ఒకరు హార్డ్‌వేర్, చరిత్ర తీసుకుంటే ఇంకొకరు కంపెనీలు, లోగోలు, వార్తలు తీసుకోవాలి. వారానికి ఒక్కొక్కరు అయిదు ప్రశ్నలు తయారు చెయ్యాలి, సమాధానాలు బట్టీ పట్టడం కాదు. ప్రతి ప్రశ్నలో కనీసం రెండు ఆధారాలుండాలి, ఒకటి దూరంది, ఒకటి దగ్గరిది. ప్రశ్న రాయడం మొదలుపెట్టిన పిల్లలకి ఎదుటివాళ్ల ప్రశ్నలో ఆధారం ఎక్కడ దాక్కుందో తొందరగా కనిపిస్తుంది. రాత ప్రిలిమ్స్‌లో మైనస్ లేకపోతే ఒక్క గడి కూడా ఖాళీ వదలకూడదు. చుక్క గుర్తున్న ప్రశ్నలు సాధారణంగా టై తేల్చడానికి వాడతారు, వాటి మీద కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. ఫైనల్లో పౌన్స్ ఉంటే, అంటే వంతు రాకముందే రాసిచ్చే అవకాశం ఉంటే, తప్పుకి మైనస్ పడుతుంది. ఇద్దరికీ వేర్వేరుగా అదే జవాబు తోచినప్పుడే పౌన్స్ చెయ్యడం క్షేమం.

ఈ వాదనకి లొంగనివి కూడా ఉన్నాయి. బజర్ రౌండ్‌లో ఆలోచనకి చోటుండదు. ముందు నొక్కినవాడిదే ప్రశ్న, అక్కడ బిట్లు బట్టీ పట్టినవాడు గెలుస్తాడు. పొడి అక్షరాల విస్తరణలు, సీఈఓల పేర్లు, లోగోలు బల్ల దగ్గర దొరకవు, చదవాల్సిందే. ఒక బిట్ ఫైలు పక్కన పెట్టుకోమనే అంటాను, తేదీ చూసి. ట్విట్టర్ అని ఉంటే అది 2023 జూలై ముందుది, ఫేస్‌బుక్ మాతృసంస్థ పేరు ఫేస్‌బుక్ అనే ఉంటే 2021 అక్టోబర్ ముందుది. అలాంటి ఫైల్లో మిగతావి కూడా అనుమానంగానే చూడాలి.

భాష సంగతి మాత్రం నాకు మింగుడు పడదు. సర్కారు బడి నుంచి వచ్చిన పిల్ల సర్వో ఎందుకు వణికిందో తెలుగులో చక్కగా చెబుతుంది. స్టేజీ మీద నాలుగు లైన్ల ఇంగ్లిష్ ప్రశ్న గబగబా చదివేస్తే మూడో లైనుకి ఆమె వెనకబడిపోతుంది. ఆమెకు తెలియనిది జవాబు కాదు, ప్రశ్న. ప్రశ్నని తెర మీద చివరిదాకా ఉంచడం, తెలుగులో ఇంకోసారి చదవడం నిర్వాహకులకి పెద్ద ఖర్చేం కాదు. పది సెకన్లు ఎక్కువ పడుతుంది. పంచుకునే పేజీలు కూడా అంతే: వివరణ తెలుగులో రాసి, పిన్ల పేర్లూ ఎర్రర్ మెసేజీలూ మాత్రం తెర మీద కనిపించినట్టే ఉంచాలి. ఎర్రర్‌ని తెలుగు చేస్తే వెతుక్కోవడానికి పనికిరాదు.

ఈ ఏడాది ఫెయిర్‌కి డస్ట్‌బిన్ చేస్తున్నవాళ్లు ఎలాగూ ఉంటారు, చెయ్యొద్దనడం నా ఉద్దేశం కాదు. కోడ్ ఎక్కించని సెట్టు కొనండి. నాలుగు సెల్స్ హోల్డర్ అదనంగా తీసుకోండి. ముందురోజు రాత్రి యూఎస్‌బీ పీకేసి, స్టాల్ మీద ఏ పవర్ పెడతారో దాని మీదే గంటసేపు నడిపించండి. అప్పుడు చెడినవి రాసి, రిపోర్టు కన్నా ముందు ఆ కాగితాన్ని గ్రూపులో పెట్టండి.